సాబ్ సంచిలో పసుపు

మొన్న మా వీధిలో ఎవరో ఇనుప గేటుకు వెల్డింగ్ పెట్టించుకుంటుంటే కిటికీ దగ్గర అలాగే నిలబడిపోయాను. ఆ నీలి వెలుగు, ముక్కులో సర్రున ఎక్కే ఆ కాలిన వాసన. "కండ్లు పోతయి, లోపటికి రాండ్రి" అని మా ఆవిడ కేకలేస్తూనే ఉంది. నా కాళ్ళు కదిలితే కదా! ఆ వాసన తగిలితే చాలు, నేను బోధన్ దగ్గరి చక్కెర ఫ్యాక్టరీ లాబ్‌లో, వెనక చీకటి గదిలో, హమీద్ సాబ్ పక్కన ఉంటాను. ఆ రోజు ఆ గదిలో చూసినదాన్ని తలచుకుంటే ఈ వయసులో కూడా ఒళ్ళు చల్లబడుతుంది.

హమీద్ సాబ్ మా చీఫ్ కెమిస్ట్. తరతరాలుగా బోధన్‌లో ఉన్న కుటుంబం. తండ్రి గడియారాలు బాగుచేసేవాడట, ఆ చేతి నేర్పు ఈయనకూ వచ్చింది. ఒక పట్టకం, పాత కెమెరా కటకం, టేకు పెట్టె కలిపి సొంతంగా స్పెక్ట్రోగ్రాఫ్ తయారు చేసుకున్నాడు. అందులోని కరెంటు మంటకు కావలసిన బొగ్గు కడ్డీలు కొనడానికి ఫ్యాక్టరీ ఒప్పుకోలేదు. నిజామాబాద్ సినిమా హాల్లో ప్రొజెక్టర్ నుంచి తీసిపారేసిన ముక్కలు ఏరి తెచ్చి, వాటి మీది రాగిపూత కూర్చుని గీకేవాడు. ఏ పదార్థాన్నైనా చిటికెడు ఆ కడ్డీల మధ్య కాలిస్తే అందులోని ఒక్కో లోహం ఒక్కో రకం వెలుగు ఇస్తుంది. పట్టకం ఆ వెలుగును గీతలుగా విడదీస్తుంది. ఫొటో ప్లేటు మీద ఏ గీత ఎక్కడ పడిందో చూసి ఏ లోహమో చెప్పేయవచ్చు. రుద్రూర్ చెరకు తోటల బూడిదనంతా అలా కాల్చి, ఏ మట్టి చెరకులో ఏముందో ఏళ్ళ తరబడి రాసుకున్నాడాయన.

అరవైల్లో నేను అక్కడ చేరాను. మాక్లూర్ రైతు బిడ్డను, కొత్త బీఎస్సీని, తల పొగరు కాస్త ఎక్కువే. మొదటి రోజే నమూనా పట్టుకుని మంట దగ్గరికి ఉరికాను. సాబ్ నా చెయ్యి పట్టి ఆపాడు.

"ముందుగాల ఖాళీ కడ్డి కాల్చు. నీ దగ్గర ఏమున్నదో నీకే ఎర్కలేకుంటే, అవతలోని దాంట్ల ఏమున్నదో ఎట్ల జెప్తవ్ రా?"

అలా ఖాళీ కడ్డీ కాల్చకుండా తీసిన ప్లేటును ఎంత బాగా వచ్చినా పగలగొట్టేసేవాడు. నావి ఎన్ని పగిలాయో! లోపల తిట్టుకునేవాణ్ణి, కానీ ఆయన లేని రోజున కూడా ఖాళీ కడ్డీయే ముందు కాల్చేవాణ్ణి.

నాకు పని నేర్పిన మనిషని మా అవ్వ, అంటే మా అమ్మ, ప్రతి ఏడూ ఆయనకు ఒక సంచి పసుపు పంపేది. దుంపలు ఉడికించి ఎండబెట్టాక డ్రమ్ములో వేసి తిప్పుతారు కదా, అలా మెరుగు పట్టిన కొమ్ముల్లోంచి లావుగా, తిన్నగా ఉన్నవి సాబ్ కోసం ఒక్కొక్కటే ఏరేది. సాబ్ ఇంట్లో కూతురి బిడ్డ నూరీ పెరుగుతుండేది. నాలుగేళ్ళ పిల్ల. రెండేళ్ళుగా ఊరికే కడుపునొప్పని ముడుచుకునేది, మొహం పాలిపోయి ఉండేది. సాబ్ భార్య బేగం అమ్మ రోజూ పిల్లకు పాలలో పసుపు వేసి తాగించేది. "మీ అవ్వ పసుపే మా నూరీకి దవా" అని సాబ్ నాతో ఎన్నిసార్లు అన్నాడో. అప్పుడు నేను ఛాతీ విరుచుకున్నాను కూడా.

ఆ ఎండాకాలం చెరకుతో పోల్చడానికి ఇంకో పంట కావాలన్నాడు సాబ్. "మీ ఇంట్ల పసుపు తే. దానంత సాఫ్ చీజ్ ఏముంటది?" ఆయన కోసమే కట్టి ఉంచిన సంచిలోంచి నాలుగు కొమ్ములు తెచ్చాను. ఖాళీ కడ్డీ ముందు కాల్చాం, శుభ్రంగా ఉంది. తర్వాత పసుపు. సాబ్ ప్లేటు కడిగి వెలుతురుకు పట్టి చూశాడు. ఊదా అంచున సీసం గీత, బొగ్గుతో గీసినంత నల్లగా. పక్కనే క్రోమియం గీతలు మూడు.

ఇక చూడండి, ఆయన కోపం! మా లాబ్‌లో చెరకు రసాన్ని తేటపరచడానికి రోజూ సీసం ఉప్పు వాడేవాళ్ళం, గాజు సామాను కడగడానికి క్రోమిక్ ఆసిడ్. రెండూ నా చేతుల నుంచే అంటుకున్నాయనుకున్నాడు. "చేతులు కడగవ్, గ్లాసు కడగవ్, డిగ్రీ ఎవడిచ్చిండ్రా నీకు?" మోచేతుల దాకా సబ్బుతో తోముకుని మళ్ళీ చేశాను. అవే గీతలు. అప్పుడు సాబ్ ఒక కొమ్ము తీసుకుని బ్లేడుతో పై తోలంతా తానే చెక్కేశాడు. లోపలిది కాల్చాం. గీతలు లేవు.

"మీద ఏం రుద్దుతరు?" అని మెల్లగా అడిగాడు.

"మెరుగు రంగు సాబ్."

"ఏం రంగు?"

"బజార్ల దొర్కుతది... తలుపులకు ఏసేది."

నోట్లోంచి వచ్చాక గాని ఆ మాట నా చెవిన పడలేదు. ఛీ, నా చదువు తగలెయ్య! సీసం ఉందని రుజువు చేయాలంటే క్రోమేట్ పోసి పసుప్పచ్చటి మడ్డి రప్పించాలి. కాలేజీ ప్రాక్టికల్స్‌లో ఆ మడ్డి చూపించే మార్కులు కొట్టినవాణ్ణి. అదే మడ్డి తలుపుల రంగు పేరుతో పొట్లాలు కట్టుకుని చిన్నప్పటి నుంచీ మా కొట్టంలో ఉంటే ఒక్కనాడూ అనుమానం రాలేదు.

"నాకిచ్చిన సంచిల గూడ రుద్దుతరా?"

"దానికి... అవ్వ రెండుసార్లు రుద్దుతది సాబ్. మీకని."

సాబ్ లేచి సైకిల్ తీసుకుని వెళ్ళిపోయాడు. మంట స్విచ్ ఆర్పకుండా ఆయన ఆ గది దాటడం నేను అదే మొదటిసారి చూడటం.

ఆ సాయంత్రమే బస్సెక్కి మాక్లూర్ వెళ్ళాను. దారి పొడుగునా ఒకటే భయం, మా ఇంట్లోవాళ్ళ కడుపులో ఎంత సీసం చేరిందోనని. గడపలోనే అరిచాను.

"అవ్వా, మనం గూడ గదే తింటున్నం గదనే!"

"మనమెందుకు తింటం బిడ్డా? రంగు గొంతుల గరగర అంటది. మనకు రుద్దకముందే తీసి పెడ్త."

ఇన్నేళ్ళూ నేను తిన్నది రంగు లేనిది!

"మరి సాబ్‌కు?"

"అయ్యో, సాబ్ అసొంటి పెద్దమనిషికి మట్టిరంగుది ఇస్తే ఇజ్జత్ ఏముంటది రా?"

విషమని ఆమెకు తెలియదు. గౌరవమే చేశాననుకుంది. నూరీ సంగతి చెప్పాక తల బాదుకుంటూ కూలబడింది. ఆమెను ఓదార్చడానికి నాకు చేతులు రాలేదు. ఆ కోపం తగ్గడానికి చాలా కాలం పట్టింది, పూర్తిగా తగ్గిందని ఇప్పటికీ చెప్పలేను.

నూరీని హైదరాబాద్ పెద్దాసుపత్రిలో చూపించారు. చిగుళ్ళ మీద నీలి గీత ఉంది, ఒంట్లో సీసం చేరిందన్నారు. కొన్ని నెలలకు కడుపునొప్పి పోయింది. కానీ పిల్ల మాటలు వెనకబడ్డాయి. తర్వాత బళ్ళో వేస్తే ఏళ్ళు గడిచినా అక్షరాలు నిలవలేదు. ఆ ఏడే నేను రాజీనామా కాగితం పట్టుకుని వెళితే సాబ్ తీసుకోలేదు. "పసుపుల ఏమున్నదో నేను చూసిన. పిల్ల మెదడుల ఏమైందో నా ప్లేటు చెప్పది. ఎర్కలేనిది నీ మీద ఎట్ల పెడ్త?" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. నాలుగు దెబ్బలు కొట్టినా బాగుండేది.

మరుసటి ఏడు పసుపు ఎండుతున్న రోజుల్లో ఆయన తనంతట తానే మాక్లూర్ వచ్చాడు. మా అవ్వ తలుపు వెనక దాక్కుంది. సాబ్ వాకిట్లో మంచం మీద కూర్చుని పిలిచాడు.

"అక్కా, ఈ యేడు పసుపు ఇయ్యవా?"

"ఏ మొఖం పెట్టుకొని ఇయ్యాలె సాబ్?" లోపలి నుంచి ఏడుపు.

"మీరు తినేదియ్యి. గంతే."

"గది మెరవది సాబ్..."

"మెరవకుంటే మానె. నన్ను గూడ మీ ఇంట్లోన్ని అనుకోరాదా?"

అవ్వ వంటింటి కుండలోంచి రెండు దోసిళ్ళు తెచ్చి ఆయన తువ్వాలులో పోసింది. మా బాపు, అంటే మా నాన్న, ఎంత గొణిగినా ఆ రోజు తర్వాత మా కొట్టంలోకి ఆ రంగు రాలేదు.

ఆ తర్వాత నేను పెద్ద పెద్ద లాబుల్లో, సాబ్ కలలో కూడా చూడని యంత్రాల మీద పనిచేశాను. నమూనాలు తెచ్చినవాళ్ళు "ఫస్ట్ క్లాస్ మాల్ సార్" అంటే, "మీ ఇంట్లో ఇదే వాడతారా?" అని అడిగేవాణ్ణి. కొందరు నవ్వేసేవారు, కొందరు చూపులు తిప్పుకునేవారు.

సాబ్ పోయి చాలా ఏళ్ళయింది. ఆ సీసం మా సంచిలోంచే వచ్చిందని బేగం అమ్మకు కూడా ఆయన చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు. నూరీ ఇప్పుడు తల నెరిసిన మనిషి, బోధన్‌లో తమ్ముడి దగ్గర ఉంటుంది. చాలామందిని గుర్తుపట్టదు. నన్ను మాత్రం గల్లీ మలుపులోనే గుర్తుపట్టి, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టుకుంటూ ఎదురొస్తుంది. ఏటేటా సంచి మోసుకొచ్చేవాణ్ణని చిన్నప్పుడు తను పెట్టుకున్న పేరుతోనే పిలుస్తుంది.

"హల్దీ మామూ! హల్దీ మామూ వచ్చిండు!"

పసుపు మామ. నేను ఆ పేరుకే పలుకుతాను.