లాప్‌టాప్‌కు నూనె

పరీక్ష గురువారం పొద్దున పది గంటలకు. సోమవారం మధ్యాహ్నం నుంచి నా లాప్‌టాప్ నలభై నిమిషాలకు ఒకసారి ఆరిపోవడం మొదలుపెట్టింది. ముందు హెచ్చరికేమీ ఉండదు. తెర ఒక్కసారిగా నల్లబడుతుంది. అడుగున చెయ్యి పెడితే అప్పుడే రొట్టె దించిన పెనంలా కాలుతుంది. పది నిమిషాలు ఆగి బటన్ నొక్కితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ వెలుగుతుంది.

ఆ పరీక్ష ఆస్పత్రి బిల్లులకు కోడ్‌లు రాసే పని కోసం. ఇంట్లో కూర్చొనే చేసుకోవచ్చు. పాసైతే ఆ నెలలోనే చేర్చుకుంటామని కంపెనీ వాళ్ళు చెప్పారు. పెళ్ళికి ముందు కోరుట్లలో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. సిరిసిల్లకు కోడలిగా వచ్చాక పన్నెండేళ్ళు, ఇద్దరు పిల్లలు, బోలెడంత వంట. ఇన్నాళ్ళకు ఒకరు పని ఇస్తామన్నారు. ఇది తప్పితే ఇంకొకరు అంటారన్న నమ్మకం నాకు లేదు.

మూడు గంటల పరీక్ష, కెమెరా ముందు కూర్చొని రాయాలి. ఎక్కడో ఒక మనిషి మనల్ని చూస్తూనే ఉంటాడు. గదిలోకి ఎవరూ రాకూడదు, మనం లేవకూడదు. లాప్‌టాప్ ఒకసారి ఆగితే మళ్ళీ మొదలుపెట్టనిస్తారు. రెండోసారి ఆగితే పరీక్ష రద్దు, ఇంకో అవకాశం లేదు. ఆ షరతుల కాగితం ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. మూడు గంటల్లో నలభై నిమిషాలు ఎన్నిసార్లు వస్తాయో లెక్కేసుకోవడానికి మాత్రం పెద్ద చదువు అక్కర్లేదు.

"కొత్తది తెచ్చుకుందాం తియ్యి" అన్నాడు మా ఆయన. కానీ పరీక్ష వాళ్ళు శనివారమే ఈ లాప్‌టాప్‌ను పరిశీలించి, దీన్నే నమోదు చేసుకున్నారు. యంత్రం మారితే తేదీ మారుతుంది. తేదీ మారితే నెల దాటిపోతుంది. అతనికి ఇదంతా రెండుసార్లు చెప్పాను. రెండోసారి కాస్త గట్టిగానే చెప్పాను.

సోమవారమంతా ఫోన్‌లో వీడియోలు చూశాను. బల్ల ఎక్కించమన్నారు, ఎక్కించాను. కింద పుస్తకాలు పెట్టి ఎత్తు చేయమన్నారు, పిల్లల నోటు పుస్తకాలు నాలుగు పెట్టాను. ఫ్రిజ్‌లోని నీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి పక్కన ఆనించాను. ఆ గుడ్డ తడిసి నీళ్ళు కారుతుంటే లోపలికి పోతాయేమోనని ఇంకో భయం పట్టుకుంది. వేడి ఎంతుందో చూపించే యాప్ ఒకటి దొరికింది. అది పెట్టుకోకుండా ఉంటే బాగుండేది. తొంభై రెండు, తొంభై నాలుగు, తొంభై ఏడు. పాఠం చదవాల్సిన కళ్ళు ఆ అంకె మీద నుంచి కదిలేవి కావు. దానికి తోడు లోపలి ఫ్యాన్ గరగరా అరుస్తూ ఉంది.

మా ఇంటి వెనకే కార్ఖానా. ఆరు సాంచెలు నడుస్తాయి. మరమగ్గం అనే మాట మా ఊళ్ళో పేపర్లో చదవడమే కానీ నోటితో అనేవాళ్ళు తక్కువ. వాటిని చూసుకునేది మా మామ. మంచం మీద పడుకొనే మూడో సాంచె నడక తేడాగా ఉందని చెప్పగలడు. సాంచెలు బంద్ పెట్టే రోజున పొడుగు మూతి నూనె డబ్బా పట్టుకొని ఒక్కోదాని కీళ్ళన్నిటికీ చుక్కలు వేస్తాడు. అక్కడితో ఆగడు. కుట్టు మిషన్‌కు వేస్తాడు, పిల్లల సైకిల్ గొలుసుకు వేస్తాడు, వాకిలి తలుపు బందులకు వేస్తాడు. మా ఇంట్లో చప్పుడు చేసిన వస్తువు ఏదైనా సరే, ఆయన లెక్కలో నూనె అడుగుతున్నట్టే.

మంగళవారం సాంచెలు బంద్. నేను బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కి, పావుగంటకు దిగి వచ్చాను. గది నిశ్శబ్దంగా ఉంది. లాప్‌టాప్ వెలుగుతూనే ఉంది, గరగర లేదు. దానంతటదే బాగైందని నా ప్రాణం ఎంత తేలికపడిందో చెప్పలేను. కుర్చీలో కూర్చున్నానో లేదో, అంకె తొంభై తొమ్మిదికి పోయింది, తెర ఆరిపోయింది. ఈసారి నలభై నిమిషాలు కాదు, నాలుగు నిమిషాలు. ఎత్తి చూస్తే వేళ్ళకు జిడ్డు అంటింది. వాసన చూశాను. సాంచె నూనె.

మామ గుమ్మంలోనే ఉన్నాడు, చేతిలో డబ్బాతో, ముఖం నిండా సంతోషంతో.

"సప్పుడు వోయింది సూడు బిడ్డా. నిన్నటి సంది అరుస్తాంటే ఎవ్వలు పట్టించుకోరాయె. దాని పక్క సందులకెళ్లి లోపలికి రెండు సుక్కలు పెట్టిన."

గోరుచుట్టు మీద రోకటి పోటు. పన్నెండేళ్ళలో ఆయనకు నేను ఎదురు మాట చెప్పింది లేదు. అవసరమూ రాలేదు. పిల్లలు పుట్టినప్పుడు నాకంటే ఎక్కువ రాత్రులు మేలుకున్న మనిషి ఆయన. అవేవీ ఆ నిమిషంలో గుర్తుకు రాలేదు.

"మామా, గిది సాంచె గాదు. మీరు ముట్టి మొత్తం ఖరాబ్ జేసిండ్రు. ఇగ నా సామాన్లు ముట్టకుండ్రి" అన్నాను. గొంతు లేచింది. బయట ఆడుకుంటున్న పిల్లలు ఆట ఆపి చూశారు.

ఆయన నూనె డబ్బా మూతిని భుజం మీది తువ్వాలుతో తుడిచి కార్ఖానాలోకి వెళ్ళిపోయాడు. కాలు జారితే తీసుకోవచ్చు కానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. తీసుకోవాలని అప్పుడు నాకు అనిపించనూ లేదు. పరీక్ష పోయిందని ఏడుస్తూ కూర్చున్నాను.

బుధవారం పొద్దున మొదటి బస్సుకే కోరుట్ల బయల్దేరాను. అక్కడ మా తమ్ముడికి తెలిసిన రిపేరు దుకాణం ఉంది. లాప్‌టాప్‌ను తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. వేములవాడ దాటేదాకా చుట్టూ ఏముందో చూడలేదు. పరీక్షకు ఇంకా ఇరవై ఆరు గంటలున్నాయని లెక్కపెట్టుకుంటూ, కథలాపూర్ వచ్చేసరికి ఇరవై అయిదు అని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

దుకాణమాయన దుబాయిలో చాలా ఏళ్ళు ఏసీలు బాగుచేసి వచ్చిన మనిషి. మరలు విప్పి అడుగు మూత తీసి, సన్న పట్టకారుతో లోపలి నుంచి ఒకదాన్ని లాగాడు. బూడిద రంగులో, మందంగా, చిన్న బొంత ముక్కలా ఉంది.

"సిరిసిల్లనా చెల్లె?" అన్నాడు.

అవునన్నాను.

"గిది నూలు పీచు. గాలి వోయే తొవ్వనే లేదు. దీన్ని దేని మీద వెట్టి పనిజేస్తవు?"

తాన్ల మీద అన్నాను. నేసి మడతపెట్టిన బట్ట తాన్లు మా ముందరి గదిలో వరసగా పేర్చి ఉంటాయి. సరిగ్గా నా ఎత్తుకు వచ్చే వరస ఒకటి చూసుకొని, మొన్న సోమవారం దాకా, ఏడాది పాటు దాన్నే బల్లగా వాడుకున్నాను. మా ఇంట్లో పీచు పప్పులో ఉంటుంది, దువ్వెనలో ఉంటుంది, దిండు మీద ఉంటుంది. లాప్‌టాప్‌లో కూడా ఉంటుందని కంప్యూటర్ పాఠాలు చెప్పిన నాకు ఒక్కనాడూ తట్టలేదు.

"గాలి గుంజుకునే పొక్కలు కిందనే ఉంటయి. బట్ట మీద వెడితే ముక్కు మూసినట్టే గదా."

సిగ్గు కప్పుకోవడానికి మామ సంగతి ఎత్తాను. నూనె పోశాడని, అందుకే పాడైందని ఫిర్యాదు చేసినట్టే చెప్పాను. దుకాణమాయన ఫ్యాన్‌ను వేలితో తిప్పి చూసి, వాసన చూసి తల అడ్డంగా ఊపాడు.

"నూనె నిన్న వడ్డది. గీ పీచు ఏడాదిది. ఫ్యాన్ అరిగి ఎప్పుడో వోయింది, అందుకే అరిసింది. నూనె పొయ్యకున్నా ఇయ్యాలో రేపో ఆగుతుండె. మీ మామ ఒక్కరోజు ముందు ఆపిండు, గంతే. గట్ల ఆగకపోతే నువ్వు గిటు రాకపోతుంటివి."

నిజమే. ఆగకపోయి ఉంటే నీళ్ళ సీసా పక్కన పెట్టుకొని, ధైర్యం చెప్పుకుంటూ పరీక్షకు కూర్చొనేదాన్ని.

కొత్త ఫ్యాన్ ఆయన దగ్గర లేదు. జగిత్యాలకు ఫోన్ చేస్తే అక్కడ ఉందన్నారు. పాత ఫ్యాన్‌ను కాగితంలో పొట్లం కట్టి నా చేతిలో పెట్టి, "వైర్ల మూతి కలువాలె, సూసి తీస్కో" అన్నాడు. మళ్ళీ బస్సు. జగిత్యాలలో టవర్ దగ్గర దిగి ఎండలో పరుగులాంటి నడక. దుకాణంలో మొదట ఇచ్చినదాన్ని పాతదాని పక్కన పెట్టి చూస్తే వైర్లు నాలుగుకు బదులు మూడే ఉన్నాయి. అది తప్ప లేదన్నారు. నా ముఖం చూసి జాలిపడ్డారేమో, లోపలి అరలన్నీ వెతికి ఇంకొకటి తెచ్చారు. వైర్లు నాలుగు. మూతి కలిసింది. అక్కడే స్టూలు మీద కూలబడి నీళ్ళడిగి తాగాను.

మూడింటికి కోరుట్లలో ఫ్యాన్ బిగించారు. ప్రాసెసర్ మీద పల్లి గింజంత పేస్టు పెట్టి మూత వేశారు. అంకె డెబ్బై ఒకటి దగ్గర నిలబడింది. నేను నమ్మలేదు. గంటసేపు అక్కడే కూర్చొని చూశాను. అరవై ఎనిమిది. ఆయన నవ్వి, "ఇంటికి వో చెల్లె, బస్సు వోతది" అన్నాడు.

తిరుగు ప్రయాణమంతా మామకు ఏం చెప్పాలా అని ఆలోచించాను. ఇంటికి చేరేసరికి ఆయన కార్ఖానాలో ఉన్నాడు. సాంచెల మోతలో క్షమాపణ అరిచి చెప్పాల్సి వచ్చేది. పరీక్ష అయ్యాక చెబుదాంలే అనుకున్నాను. అది చదువు తొందర కాదు, పిరికితనం. ఆయన కూడా భోజనానికి లోపలికి రాలేదు, కంచం కార్ఖానాకే తెప్పించుకున్నాడు.

గురువారం పొద్దున తొమ్మిదిన్నరకు ఆరు సాంచెలూ ఆగిపోయాయి. కరెంటు పోయిందేమోనని లేచి లైటు స్విచ్ వేసి చూశాను. "బాపు బంద్ వెట్టిండు, నీకు పరీక్షనట గదా" అన్నాడు మా ఆయన. ఆపమని మామను ఎవరూ అడగలేదు.

ఆ నిశ్శబ్దంలో నాకు ఫ్యాన్ చప్పుడు ఒక్కటే వినిపించింది. పరీక్ష మొదలయ్యాక మిగతా యాప్‌లన్నీ మూసుకుపోయాయి. వేడి ఎంతుందో చూసే దారి లేదు. గంట గడిచాక ఫ్యాన్ జోరు పెరిగింది. చదువుతున్న ప్రశ్న చదివినట్టే ఉంది, ఒక్క ముక్క ఎక్కడం లేదు. ఆగలేక అడుగున చెయ్యి పెట్టాను. వెంటనే తెర మీద సందేశం వచ్చింది, చేతులు కనిపించేలా పెట్టమని, ఇది మొదటి హెచ్చరిక అని. రెండు చేతులూ బల్ల మీద పెట్టుకున్నాను. ఆ తరువాత దాదాపు రెండు గంటలు అది కాలుతోందో లేదో తెలియకుండానే రాశాను. చెమటకు మౌస్ రెండుసార్లు చేతిలో నుంచి జారింది.

పదకొండు నిమిషాలు మిగిలి ఉండగా ముగించాను. ఫలితం అక్కడికక్కడే వచ్చింది. పాస్. మొదట నమ్మకం కలగలేదు, పేరు నాదేనా అని చూసుకున్నాను. మా ఆయన వచ్చి చూసి నా తల మీద చెయ్యి వేశాడు. పిల్లలు ఎందుకో తెలియకుండానే ఎగిరారు.

"మామా, గిటు రాండ్రి" అని పిలిచాను.

వచ్చి గుమ్మం దగ్గర ఆగాడు. చేతులు రెండూ వెనక్కి పెట్టి కట్టుకొని ఉన్నాడు.

"పాసైన మామా. లోపలికొచ్చి సూడుండ్రి."

"గీడికెళ్లి కనవడ్తాంది తియ్యి బిడ్డా. మంచిగైంది."

"మీరు పోసిన నూనెతోని గాదు మామా ఖరాబైంది. నేనే తాన్ల మీద వెట్టి ఖరాబ్ జేసుకున్న. తప్పు నాది" అన్నాను.

ఆయన తల ఊపాడు. కోపమేమీ లేదు ముఖంలో. ఉంటే బాగుండేది.

"అయితే రాండ్రి" అన్నాను.

"అద్దు బిడ్డా. నేను లోపలికత్తె మల్ల బంద్ వడ్తదేమో."

వైరు పీకేసి, లాప్‌టాప్‌ను రెండు చేతులతో ఎత్తుకొని ఆయన దగ్గరికి నడిచాను. ఆయన చేతులు వెనకే ఉంచుకొని ఒక అడుగు వెనక్కి వేశాడు.