తువ్వాలు కింద బేరం

గొర్రెలమ్మిన డబ్బును నాయన రెండోసారి కూడా ఫోన్లో ఎవడికో ఓటీపీ చెప్పి పోగొట్టుకున్నాడు. నేను ఆ ఫోన్ను గోడకేసి కొట్టాను. ఆయన తన చేతికర్రను నా వీపు మీద విరగ్గొట్టాడు.

“బ్యాంకోడు అడిగితే ఎట్టరా చెప్పకుండేది?”

“సంతలో గొర్రె ధర నోటితో చెప్తావా?” అని అరిచాను.

చెప్పడు. పక్కవాడికి తెలియకుండా, తువ్వాలు కింద కొనేవాడి వేళ్లు పట్టుకుని చెప్తాడు.

“ఓటీపీ కూడా అంతే నాయనా.”



కొత్త ఫోన్ కొన్న వారానికే స్పీకర్లో మళ్లీ అదే గొంతు. “ఓటీపీ చెప్పండి సార్.”

నాయన కొమ్మలు కొట్టే గొడ్డలిని ఒళ్లో పెట్టుకుని, పదును బొటనవేలితో చూసుకున్నాడు.

“ఉదయగిరి సంతకు రా అబ్బయ్యా,” అన్నాడు మెల్లగా. “తువ్వాలు కింద నీ వేళ్లు పెట్టు, చెప్తాను.”