కమాన్లకు రంగు

మాచర్ల వెళ్లే ప్రైవేటు బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన గురజాల దాటాక చెప్పు విప్పి, అదురు ఎలా ఉందో పట్టి చూడటానికి అరికాలు బస్సు నేలకు ఆనించాడు. కాసేపు అలాగే ఉండి డ్రైవర్‌ని పిలిచాడు.

“అబ్బాయ్, ఎడమ చక్రం కమాన్లో పట్టీ ఇరిగింది. ఆపి చూసుకో.”

“మొన్న దసరాకే రంగేశాం గదా బాబాయ్.”

“తుప్పు గీకారా?”

డ్రైవర్ బస్సు ఆపి దిగాడు. మేమూ దిగాం. వంగి చూస్తే కమానులో, అంటే ఇరుసు మీద బరువు మోసే ఉక్కు పట్టీల కట్టలో, వెండి రంగు మధ్య ఎర్రగా పగులు.

“రంగు మన కళ్లకి. పట్టీల సందున తడి చేరితే తుప్పు తింటానే ఉంటది. గీకి, గ్రీజు పెట్టి, అప్పుడెయ్యాల రంగు,” అన్నాడాయన.

మా ట్రాక్టరు ట్రక్కు కమాన్లకు ఏటా తుప్పు మీదే రంగేసేది నేనే. మిరప కోతకు ఆడవాళ్లు వచ్చేది ఆ ట్రక్కులోనే. ఇంటికెళ్లగానే ఉప్పు కాగితం తీసుకుని రుద్దడం మొదలుపెట్టాను. మూడో పట్టీ దగ్గర రంగు కింద నుంచి ఎర్రటి పగులు బయటపడింది.