కాక డబుల్ అంటే ఏమనుకోవాలె

గోదావరిఖని చౌరస్తాలో శనివారం పొద్దున ఆరింటికి సాల్మన్ కాక నన్ను చూసి అన్న మొదటి మాట: "ఓదెలూ, ఈసారి గూడ ఖరాబు చేసినవనుకో, వాపస్ వచ్చేటప్పుడు నిన్ను రైలెక్కనియ్య."

కాక మా బొగ్గు గనిలో ముప్పై ఏళ్ళకు పైగా చేసిన ఓవర్‌మన్, అంటే కింద పని చేయించే పెద్ద. నేను అదే గని టైమాఫీసులో గుమాస్తాను. తొమ్మిదేళ్ళుగా ఇద్దరం బ్రిడ్జి పేకాటలో ఒక జంట. ఏటా కొత్తగూడెంలో గని క్లబ్బులకు జరిగే పేకాట పోటీకి వెళ్తాం, మొదటి రౌండులోనే ఓడిపోతాం, భోజనం మాత్రం బాగా చేసి వస్తాం. ఆ నెలాఖరుకు కాక రిటైరవుతున్నాడు. రిటైరైన వాళ్ళను ఈ పోటీలో ఆడనివ్వరు. కాబట్టి మాకు ఇదే ఆఖరి ప్రయాణం.

షేర్ ఆటోలో రామగుండం స్టేషన్‌కు చేరి, నిలబడే ఇడ్లీ తిని, ఏడున్నరకు కొత్తగూడెం ప్యాసింజర్ ఎక్కాం. మీరు ఈ రైల్లో వెళ్ళేట్టయితే తొందర ఇంట్లో పెట్టి రండి. ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగి, కుశలం అడిగితే గానీ ఇది కదలదు.

పెద్దపల్లి దాటకముందే మా గొడవ మొదలైంది. గొడవేమిటో పేకాట తెలియనివారికి రెండు ముక్కల్లో చెబుతాను. బ్రిడ్జిలో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. ఆటకు ముందు వేలంపాట ఉంటుంది: ఫలానా రంగు తురుపైతే మేం ఇన్ని పట్లు పడతాం అని పాడాలి. ఎదుటివాళ్ళు పాడినప్పుడు మనం "డబుల్" అనొచ్చు. దాని అసలు అర్థం, "అది మీ వల్ల కాదు, పందెం రెట్టింపు" అని. అయితే ఆటగాళ్ళు అదే మాటకు ఇంకో అర్థం తగిలించారు: "నా దగ్గర మంచి ముక్కలున్నాయి, నీకు ఏ రంగు ఎక్కువుందో చెప్పు" అని. రెంటిలో ఏదో పైకి అనకూడదు, కన్ను కొట్టకూడదు. జతగాడు ఊహించుకోవాలి.

నా ఊహ తొమ్మిదేళ్ళుగా తప్పుతూనే ఉంది. కాక "వాళ్ళను కొట్టు" అనుకుని డబుల్ అంటే నేను నా రంగు చెప్పేవాణ్ణి. "రంగు చెప్పు" అనుకుని అంటే ఊరుకునేవాణ్ణి.

"పోయినేడు నేను డబుల్ అంటె నువ్వెందుకు నోరు తెరిచినవ్?" అని కాక అరిచాడు.

"అంతకు ముందటేడు తెరవలేదని తిట్టినవ్ గద కాకా!"

జమ్మికుంటలో ఎక్కి మా ఎదుట కూర్చున్న ఒక అక్క ఇదంతా వింటోంది. ఆమె ఒళ్ళో ఒక కోడిపుంజు కూడా వింటోంది.

"ఏందన్నా, పొద్దుగాల్నే గీ లొల్లి? భూమి పంచాయితా?" అందామె.

కాక ఆమెకు పావుగంట సేపు బ్రిడ్జి వివరించాడు. ఆమె ఓపికగా విని, "గింతేనా?" అంది. "మా ఆయన నాకు బువ్వ వద్దంటడు. ఒట్టిగ అంటే కడుపు నిండిందని. లొల్లి అయినంక అంటే బతిమాలుమని. మాట గదే. దానికి ముందుగాల ఏం నడిచిందో సూడాలె."

కాజీపేటలో చాయ్ తాగి, కాక ఒక కాగితం మీద ఇలా రాశాడు: "అంతకుముందు జతగాడు పాట పాడి ఉంటే, డబుల్ అంటే కొట్టు. పాడకపోతే, డబుల్ అంటే చెప్పు." ఇద్దరం సంతకాలు చేశాం. పుంజు మెడ చాచి ఆ కాగితాన్ని ఒక్క పోటు పొడిచింది.

"ముద్ర గూడ పడ్డది" అన్నాడు కాక.

అక్క మానుకోటలో దిగిపోయింది. మేం మూడింటికి కొత్తగూడెం చేరాం. స్టేషన్ బోర్డు మీద భద్రాచలం రోడ్ అని ఉంటుంది, చూసి కంగారుపడి రైల్లోనే ఉండిపోకండి. బస్టాండు దగ్గర లాడ్జిలో గుమాస్తా తలెత్తకుండా, "సింగిలా, డబులా?" అన్నాడు.

కాక నా వైపు తిరిగి, "అంతకుముందు మనోళ్ళు ఎవరన్న మాట్లాడిన్రా?" అన్నాడు.

"లేదు కాకా."

"అయితే చెప్పు."

గది దొరికింది.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి క్లబ్బులో ఆట మొదలైంది. కాగితం పనిచేసింది. మొదటి రౌండు గెలిచాం. రెండోదీ గెలిచాం. కాక మాటిమాటికీ జేబు తడుముకుని కాగితం ఉందో లేదో చూసుకుంటున్నాడు. పదకొండింటికి ఫైనల్లో కూర్చున్నాం. ఎదుట మంచిర్యాల అన్నదమ్ములు, ఇద్దరికీ ఒకే గళ్ళ చొక్కా. ఒకరు ఆవులిస్తే రెండోవాడికి అర్థం తెలిసే రకం.

ఆఖరి పంపకానికి లెక్క సమానంగా ఉంది. అన్న "ఒక ఇస్పేటు" అని పాడాడు. అంటే ఇస్పేటు తురుపుగా ఏడు పట్లు పట్టాలి. కాక "డబుల్" అన్నాడు. తమ్ముడు "పాస్" అన్నాడు. నా వంతు వచ్చింది.

నేను అంతకుముందు పాడలేదు. కాబట్టి కాగితం ప్రకారం నా రంగు చెప్పాలి. ముక్కలు చూసుకుంటే నా చేతిలో రాజుతో, జాకీతో కలిపి ఐదు ఇస్పేట్లు! నా రంగూ, వాళ్ళు పాడిన రంగూ ఒకటే. మిగతావన్నీ చిల్లర. కాకకు "వీళ్ళను ఇందులోనే ముంచుదాం" అని చెప్పే దారి ఊరుకోవడం ఒక్కటే. కానీ నేను ఊరుకుంటే కాక ఏమనుకుంటాడో తొమ్మిదేళ్ళుగా నాకు తెలుసు. కళ్ళు మూసుకుని "పాస్" అన్నాను.

కాక ముఖం కొలిమిలా ఎర్రబడింది. గట్టిగా దగ్గాడు.

"కాకా, దగ్గు గూడ సైగ కిందికే వస్తది" అన్నాడు రిఫరీ.

"బొగ్గు దగ్గు సారూ, కంపెనీని అడుగుర్రి."

మొదటి ముక్క కాకే వేయాలి. నన్ను మింగేసేలా చూస్తూ ఒక ముక్క లాగి బల్ల మీద కొట్టాడు. ఇస్పేటు! ఆయన దగ్గరున్న ఒక్కగానొక్క ఇస్పేటు. అన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు. మా మంచి ముక్కలను కోసే వీల్లేకుండా ఆయన తురుపులు లాగేసుకుంటూ పోయాం. ఏడు పడతానన్నవాడు మూడు పట్టాడు.

కాక వెనక నిలబడి చూస్తున్న ఒక పెన్షనర్ తాత, "అబ్బ! సూటిగ తురుపే ఏసిండు సూడు. తెలివంటే గది!" అన్నాడు. కాక గంభీరంగా తలూపాడు.

ఇద్దరికీ చెరొక స్టీలు టిఫిన్ క్యారియర్ ఇచ్చారు. మటన్ కూరతో భోంచేసి ఒంటి గంటకు వరంగల్ బస్సెక్కాం. ఇల్లందు దాటాక కాక మెల్లగా అడిగాడు.

"ఓదెలూ, నువ్వు నిజంగ సోచాయించే పాస్ అన్నవా? పరేషానుల అన్నవా?"

"మంచిగ ఆలోచించే అన్న కాకా. నీకు సమజైంది కాబట్టే తురుపు ఏసినవ్ గద."

కాక నా చెవి దగ్గరికి వంగాడు. "నాకేం సమజ్ కాలె. కళావర్ రాజు ఏద్దామనుకున్న. నీ మీద కోపంల సూడకుంట గుంజితే పక్కది వచ్చింది."

మేం పగలబడి నవ్వితే ముందు సీట్ల వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. తొమ్మిదేళ్ళలో మేం ఒకరి మనసు ఒకరం చదివిన ఆట ఇదొక్కటేనని నేను క్యారియర్ తడుముకుంటూ అప్పటిదాకా మురిసిపోతూ వచ్చాను.

"ఎవలకన్న చెప్పినవంటే మంచిగుండది" అన్నాడు కాక. "నెలాఖరుకు దిగిపోతున్న. అప్పటిదాంక నోరు మూసుకో. తర్వాత పేపర్ల ఏసుకున్నా ఫికర్ లేదు."

వరంగల్‌లో బస్సు మారి, రాత్రి ఎనిమిదికి గోదావరిఖనిలో దిగాం. బస్టాండులో మా గనివాళ్ళు ఇద్దరు ఎదురొచ్చారు. కాక క్యారియర్ ఎత్తి చూపి, అలాంటప్పుడు తురుపే ఎందుకు వేయాలో వాళ్ళకు వివరించడం మొదలుపెట్టాడు. నేను పక్కన నిలబడి, అవునవునని తలూపాను.