రాగి చెవికి పెట్టిన గంటు

“నీకు ఆపరేషన్ అయిండాదా లేదా?”

కుక్కల వ్యాను బైరప్ప నడిరోడ్డు మీద ఓబులమ్మను అడిగిన మాట ఇది. బెంగుళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక అడ్డరోడ్డు, ఆఫీసులకు బయల్దేరే వేళ. ఆమె ఇస్త్రీ బండి చుట్టూ ముగ్గురు నలుగురు బట్టల సంచులతో నిలబడి ఉన్నారు. ఆమెకు యాభై దాటాయి. ఆ వయసు ఆడమనిషిని అలా ఎవరూ అడగరు. బైరప్ప అడిగాడంటే అతని రోజువారీ పనే అది. వీధికుక్కలను వలేసి పట్టడం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం, పుండు మానాక పట్టినచోటే తెచ్చి వదలడం. సంకోచం పెట్టుకుంటే ఆ పని సాగదు.

“అయిండాది,” అంది ఓబులమ్మ, చొక్కా మీంచి ఇస్త్రీపెట్టె ఎత్తకుండానే.

“మరి నీకు లేని నొప్పి దానికేమి? సుమ్మనే, గలాటా చేయకుండా పట్టుకోనీ అక్కా. వారం దినాలకు మళ్ళీ తెచ్చిస్తా.”

దానికి అంటే రాగికి. రాగిముద్ద రంగులో ఉండేది కాబట్టి ఆ పేరు. వానాకాలం మొదట్లో ఎక్కణ్ణుంచో వచ్చి ఇస్త్రీ బండి కింద చేరిన ఆడకుక్కపిల్ల. వచ్చిన కొత్తలోనే, సామాన్లు చేరవేసే కుర్రాడి స్కూటరు దాని నడుం మీదుగా పోయింది. బొగ్గుల గోతం మీద పడుకోబెట్టి ఓబులమ్మ పాలు పోసింది, బిస్కెట్లు నానబెట్టి నోట్లో పెట్టింది. ఎప్పుడో ఒకరోజు అదే లేచింది. అప్పట్నుంచి వెనక కాలు కొంచెం ఎగరేసి నడిచేది. ఎక్స్‌రే తీయించాలని ఎవరికీ తోచలేదు. బతికింది, అంతే చాలనుకున్నారు.

“ఇప్పుడొద్దప్పా. ఇంకా పిల్ల అది.”

“పిల్లప్పుడే కదక్కా చేసేది. ఊరంతా కన్నాక చేస్తే ఏం లాభం?”

“ఒక్క ఈత కానీ. తర్వాత నేనే పట్టిస్తా.”

“అందరూ ఇదే చెప్తారు. ఆ ఒక్క ఈతలో ఆరు పుడతాయి, ఆరింటిదీ ఒక్కొక్క ఈత కావాలంటారు.” బైరప్ప వల భుజాన వేసుకున్నాడు. “వచ్చే నెల వస్తా. అప్పుడు నిన్ను అడగను.”

రాగికి అప్పటికి ఆరు నెలలు ఉంటాయేమో.

ఇలాంటి నిర్ణయానికి ఈ ఊళ్ళో సలహాదారులు తక్కువేం కాదు. ఎదురు అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు కిరణ్మయి మొదటిది. ఏదో కంపెనీలో పెద్ద ఉద్యోగం, ఇంట్లో ఒక లాబ్రడార్. ఆదివారాలు రాగికి కూడా ఆవిడే కోడి మెడలు ఉడికించి తెచ్చేది.

“ఇప్పుడే వద్దు ఆంటీ. మా దానికి కూడా డాక్టర్ ఏడాదిన్నర ఆగమన్నారు. బోన్స్ సెట్ అవ్వాలి, హార్మోన్స్ ఉంటాయి కదా. ఫస్ట్ హీట్, అదే ఒకసారి ఎదకు రావడం, అయిపోయాక చూద్దాం. ఖర్చు నేను పెట్టుకుంటా.”

ఆవిడ అబద్ధమేమీ చెప్పలేదు. ఆ డాక్టరు ఆ మాట చెప్పింది పట్టీ కట్టుకుని లిఫ్టులో దిగే కుక్క గురించి. రాగికి లిఫ్టూ లేదు, తలుపూ లేదు. నాలుగు వీధుల మగకుక్కలకూ దానికీ మధ్య ఒక ఇస్త్రీ బండి చక్రం తప్ప ఏ అడ్డూ లేదు. అంత చదువుకున్న మనిషికి ఈ ఒక్క తేడా తట్టలేదు.

రెండో సలహా భుజంగరావుది. బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, తెల్ల చొక్కాలు తప్ప తొడగడు.

“నోరులేని జీవం అమ్మా. తల్లి కాకుండా ఆపడం కంటే పాపం లేదు. సృష్టి ధర్మంలో మనం వేలు పెట్టకూడదు.”

ఆయనకు ఇద్దరే పిల్లలు. సృష్టి ధర్మం సరిగ్గా అక్కడే ఎలా ఆగిందో ఆయన్నెవరూ అడగలేదు.

నిజానికి ఓబులమ్మకు వీళ్ళ మాటలతో పని లేదు. ఆమె కారణం ఆమెకుంది. మడకశిర దగ్గర పల్లెలో, కూతురి తర్వాత పుట్టిన కొడుకు చంటిబిడ్డగా ఉన్నప్పుడే, బడి వరండాలో పెట్టిన క్యాంపుకు వెళ్ళి ఆపరేషన్ చేయించుకుంది. ఎవరూ చెయ్యి పట్టి లాక్కుపోలేదు. కాగితం మీద వేలిముద్ర తనే వేసింది. పిల్లవాడు బడికి పోయే ఈడు రాకముందే జ్వరమొచ్చి పోయాడు. పోనీలే, ఇంకొకణ్ణి కంటావులే అని ఓదార్చే వీలు కూడా ఊళ్ళో ఎవరికీ లేకపోయింది. మొగుడు ఆ మాట రోజూ గుర్తుచేసి, చివరికి ఇంకో ఇల్లు చూసుకున్నాడు. ఓబులమ్మ కూతురు రేణుకను చంకనేసుకుని బెంగుళూరొచ్చి సిమెంటు తట్టలు మోసింది. నడుం పడిపోయాక ఇస్త్రీ బండి పెట్టింది. రేణుక ఇప్పుడు హొసకోటెలో ఒక గోడౌన్‌లో పెట్టెలు కట్టే పని చేస్తోంది. ఫోను చేస్తుంది, రాదు.

ఈ కథలో సర్కారును తిట్టడానికీ, తల్లిప్రేమను పొగడడానికీ కావలసినంత చోటుంది. ఓబులమ్మ ఆ రెండూ చేయలేదు. కోపం ఉండేది. వేలిముద్ర తనదే కాబట్టి దాన్ని ఎవరి మీదికి తిప్పాలో తెలిసేది కాదు. కుక్క విషయంలో మాత్రం ఒకటే పట్టు పట్టింది. దానికి ఒక్కసారి కానిచ్చి, తర్వాత కోయాలి.

బైరప్ప వదిలిన కుక్కలన్నిటికీ చెవి చివర ఒక గంటు ఉంటుంది. ఆపరేషన్ అయిందనడానికి అదే గుర్తు. అది ఉన్న కుక్క జోలికి వ్యాను వాళ్ళు మళ్ళీ పోరు. ఓబులమ్మ పుట్టింటివాళ్ళకు గొర్రెల మంద ఉండేది. మందలు కలిసిపోతే ఏ గొర్రె ఎవరిదో తెలియడానికి ఇంటికో రకంగా చెవికి గంటు పెట్టేవాళ్ళు. పెళ్ళికి ముందే ఆమెకు ఆ పని చేతనవును.

ఒకరోజు మధ్యాహ్నం రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు రాగిని మోకాళ్ళ మధ్య బిగించి, కొత్త బ్లేడుతో చెవి చివర కోసి, పసుపు అద్దింది. రాగి ఒక్కసారి అరిచింది. తర్వాత ఆమె చేతికున్న పసుపే నాకింది.

ఆఫీసు పని మీద పది రోజులు ఊరెళ్ళి వచ్చిన కిరణ్మయి ఆ చెవి చూసింది. “అరే, చేయించేశారా ఆంటీ? నాకు చెప్పనే లేదు.”

“అయిపోయిందమ్మా,” అంది ఓబులమ్మ.

కిరణ్మయి రాగి ఫోటో తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టింది. చాలామంది గుండె బొమ్మలు పంపారు. చెప్పిన ప్రకారం బైరప్ప వచ్చాడు, చెవి చూశాడు. “మా వేరే బండోళ్ళు పట్టినట్టుండారు. మంచిదే అయిందిలే అక్కా,” అని వెళ్ళిపోయాడు. ఇంత సులభంగా గెలుస్తానని ఆమె అనుకోలేదు.

జనవరి చలిలో రాగి ఎదకొచ్చింది. ఒకటి, రెండు, తర్వాత లెక్కపెట్టడం మానేసేటన్ని కుక్కలు బండి చుట్టూ చేరాయి. ఓబులమ్మ రాగిని చక్రానికి కట్టింది, నీళ్ళు చల్లింది, కాలుతున్న బొగ్గు విసిరింది. బట్టలు తెచ్చేవాళ్ళు దూరం నుంచే వెనక్కి పోయారు. భుజంగరావు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు.

“ఏమిటమ్మా ఈ అసహ్యం? ఆడపిల్లలు తిరిగే రోడ్డు.”

“సృష్టి ధర్మమని మీరే అంటిరి కదయ్యా.”

“నేనన్నది వేరు.”

పల్లెలో పుట్టిన మనిషికి జంతువుల కలయిక కొత్త కాదు. ఇది అలా లేదు. పైన బరువు పడగానే రాగి నడుం కూలిపోయేది. వెనక కాళ్ళు రెండూ పక్కకి జారేవి. మనిషి గొంతుతో అరిచేది. విడిపించబోతే ఓబులమ్మ మణికట్టు చీరుకుపోయింది. మూడు రోజులు చూసి, నాలుగో రోజు పొద్దున్నే ఆమె బైరప్ప టీ తాగే అంగడి దగ్గరికి వెళ్ళింది.

“రాగిని పట్టుకపోప్పా.”

“దానికి అయిపోయింది కదక్కా.”

“కాలేదు. ఆ గంటు నేనే పెట్టినా.”

బైరప్ప నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి గ్లాసు కింద పెట్టాడు. “నువ్వా? దేంతో?”

“బ్లేడుతో.”

“ఎంత పని చేస్తివక్కా. చెవి తెగిన కుక్కను వ్యానెక్కిస్తే మీ అపార్ట్‌మెంటోళ్ళే ఫోటో తీసి పెడతారు, అయిన కుక్కను మళ్ళీ కోస్తాండారని. పోయిన ఏడు అట్లే మావాడొకని పని పోయె.”

“నేను చెప్తాలే వాళ్ళకు.”

“ఏమని చెప్తావు? ఆ మేడమ్ ఫోటో పెట్టలేదా, అయిపోయిందని?” బైరప్ప గొంతు తగ్గించాడు. “యాడన్నా డాక్టరు దగ్గర స్కానింగ్ తీయించి, కాలేదని చీటీ రాయించుకురా. అదే దినం పట్టుకుంటా. నా మాట.”

స్కానింగ్ అంటే డబ్బు. కిరణ్మయిని అడిగితే ఇస్తుంది. అడగాలంటే అబద్ధం చెప్పానని చెప్పాలి. రేపు చెబుదామనుకుంది. రేపటికి కుక్కలు కొన్ని తగ్గాయి. ఆ వారానికి అన్నీ పోయాయి. రాగి మామూలుగా అన్నం తింది. కడుపు నిలవలేదేమో అనుకుంది ఓబులమ్మ. అలా అనుకోవడం ఆమెకు సులువు.

నిలిచింది. పొట్ట కనబడ్డాక ఆమె బైరప్పనూ, చీటీనీ, మణికట్టు మీది మచ్చనూ మరిచిపోయింది. బండి కింద పాత దుప్పటి పరిచింది. గుడ్డు కొని పెట్టింది. పొట్ట మీద చెయ్యేసి ఉంచితే లోపల కదిలేవి. రేణుకకు ఫోను చేసి చెప్పింది.

“నీకేం పని లేదామ్మా?” అంది రేణుక.

“లేదు,” అంది ఓబులమ్మ. ఆ వారాల్లో ఆమె సంతోషంగానే ఉంది. ఆ మాట దాచి చెబితే మిగతాదంతా అబద్ధమవుతుంది.

మార్చిలో ఒక ఆదివారం పొద్దున రాగి బండి కింద మట్టి గీరడం మొదలుపెట్టింది. ముక్కింది, పడుకుంది, మళ్ళీ ముక్కింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ముక్కడం కూడా మానేసింది. పచ్చగా, నల్లగా ఏదో కారుతోంది. కోడి మెడల గిన్నెతో దిగి వచ్చిన కిరణ్మయి వంగి చూసింది.

“ఏంటిది ఆంటీ? దీనికి ఆపరేషన్ అయింది కదా?”

“కాలేదమ్మా.”

“చెవి?”

“చెవి నేనే కోసినా.”

కిరణ్మయి గిన్నె కింద పెట్టింది. ఆటో పిలిచింది.

క్లినిక్‌లో డాక్టరు మౌనిక చిన్న వయసు మనిషి, తెలుగమ్మాయే. ఎక్స్‌రేను వెలుగుకు పట్టుకుని చూపించింది.

“దీని నడుం ఎముక ఎప్పుడో విరిగింది. వంకరగా అతుక్కుంది. ఇదిగో, దారి ఇంతే ఉంది. దీనికి కాన్పు ఎప్పటికీ కాదు. మొదటి పిల్ల ఇక్కడ ఇరుక్కుని చచ్చిపోయింది. వెనక ఇంకా రెండున్నాయి.”

“కుక్కల వ్యానోళ్ళు ఆరో నెలలోనే పట్టుకపోతామనిరి,” అంది ఓబులమ్మ.

“అప్పుడు చేయించి ఉంటే ఈ పాటికి మీ బండి కింద నిద్రపోతూ ఉండేది.”

కిరణ్మయి గోడకు ఆనుకుని ఉంది. “డాక్టర్, ఫస్ట్ హీట్ దాకా ఆగితేనే మంచిదంటారు కదా?”

“ఎవరికి చెప్పారు ఆ మాట?”

“మా లాబ్‌కి.”

“ఇది లాబ్రడారా?”

కత్తి పెట్టేముందు డాక్టరు రాగి చెవి పట్టుకుని చూసింది. “ఇది ఎవరు చేశారు?” ఓబులమ్మ చెయ్యి ఎత్తింది, బడిలో పిల్ల ఎత్తినట్టు. డాక్టరు తిడుతుందనుకుంది. “శుభ్రంగా కోశారు,” అని తలుపు వేసుకుంది డాక్టరు.

గర్భసంచి అప్పటికే చిరిగి ఉంది. పిల్లలు మూడూ చనిపోయే బయటికి వచ్చాయి. గర్భసంచి తీసేశారు. ఎవరు ఎప్పుడు చేయించాలని ఇన్ని నెలలు వాదించుకున్నారో ఆ ఆపరేషనే అలా జరిగిపోయింది. రాగి మత్తులోంచి లేవలేదు. సాయంత్రానికి పోయింది.

తర్వాత చెప్పుకోవలసింది పెద్దగా లేదు. భుజంగరావు చొక్కాలు మళ్ళీ వస్తున్నాయి. రోడ్డు శుభ్రంగా ఉందని ఆయన సంతోషించాడు. కిరణ్మయి ఒక్క కటువైన మాట కూడా అనలేదు. ఆవిడ బట్టలు మాత్రం ఇప్పుడు ఫోనులో పిలిస్తే వచ్చే లాండ్రీకి పోతున్నాయి. బండి పక్కనుంచి నడిచేటప్పుడు ఆవిడ ఫోను చూసుకుంటూ నడుస్తుంది.

బైరప్ప ఒకసారి వచ్చాడు. చక్రానికి ఇంకా కట్టి ఉన్న తాడు చూశాడు.

“కోయకముందే నాతో ఒక మాట అనుంటే కదక్కా.”

“నీతో అనే ధైర్యముంటే కోసేదాన్నా?”

అతను వెళ్ళబోయాడు. ఓబులమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది.

“నాకు ఆపరేషన్ అయిండాదా అని అడిగితివి గదా, నలుగురిలో. అయినంక ఏమయిందో అడగలేదు.”

“ఏమయిందక్కా?”

ఆమె పెట్టె మూత తెరిచి బొగ్గులు ఊదింది. “ఏం లేదులే. పో, నీ పని చూసుకో.”

క్లినిక్ బిల్లులో సగం కిరణ్మయి ఆరోజే కట్టేసింది. మిగతా సగం తనే కడతానని ఓబులమ్మ డాక్టరుకు చెప్పింది. వీలైన నెల ఐదు వందలు ఇస్తోంది. ఇంకా తొమ్మిది వేల రెండు వందలు బాకీ ఉంది.