మాప్పిళ్ళ చేపకు పురుగుల మందు

నిన్న కడుపు బాగాలేదని ఒక మాత్ర నోట్లో వేసుకుని, నీళ్ల చెంబు కోసం వెతుక్కునే లోపల అది కాస్తా నాలుక మీదే కరిగిపోయింది. అబ్బబ్బ, ఏం చేదు! వేపాకు చేదుకైనా ఒక మర్యాద ఉంటుంది, కాసేపుండి పోతుంది. ఇది ఇనుప చువ్వ నాకినట్టు గొంతు దాకా పట్టుకుని వదలదు. ముఖం చిట్లించుకుని నిలబడ్డదాన్ని ఉన్నట్టుండి పకపకా నవ్వేశాను. "ఏమత్తా, మాత్ర మింగి నవ్వేవాళ్లను నిన్నే చూస్తా ఉండా" అంది మా కోడలు. ఆ చేదును నాకు మొట్టమొదట రుచి చూపించిన మనిషి సరోజ డాక్టరమ్మ. అదీ ఒక చేపకు మందు పెట్టడం కోసం.

ధర్మపురిలో సేలం రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో ఉండేది ఆవిడ క్లినిక్కు. చిన్నపిల్లల డాక్టరు. డెబ్బయ్యో దశకం మొదట్లో నేను కాంపౌండరుగా చేరాను. బయట అందరితో అరవమే అయినా, ఆవిడ ఇంట్లోనూ మా ఇంట్లోనూ తెలుగే కాబట్టి మా ఇద్దరి మధ్యా తెలుగే నడిచేది. పొట్టి మనిషి, గట్టి గొంతు. పిల్లలకు ఇచ్చే ఏ మందైనా ముందు తాను ఒక చుక్క నాలుక మీద వేసుకునేది, తర్వాత నా నాలుక మీద వేసేది. "ఇచ్చేదానివి నువ్వు. అది ఎట్లుంటుందో నీకు తెలియకుంటే బిడ్డ ఏడిస్తే తిడతావు, తెలిస్తే బుజ్జగిస్తావు" అనేది. చేరిన కొత్తలో ఇదెక్కడి పిచ్చి అనుకున్నాను. ఇంటికి పోయాక అన్నం సయించేది కాదు మరి.

క్లినిక్కు ముందు గదిలో ఒక గాజు తొట్టి, అందులో సముద్రపు నీళ్లు. ధర్మపురికి సముద్రమెక్కడ, సముద్రానికి ధర్మపురి ఎక్కడ! డాక్టరమ్మ తమ్ముడు తూత్తుకుడిలో ఉండేవాడు. అక్కడినుంచి బెంగుళూరుకు పోయే ఉప్పు లారీలో క్యాన్లకు క్యాన్లు నీళ్లు పంపేవాడు. లారీ ఆగినప్పుడల్లా వీధి వీధంతా మూగేది. "ఉప్పు నీళ్లకు ఇంత అవస్థా? ఇంట్లో ఉప్పు లేదా అమ్మా?" అని ఒకడు అడిగితే, "నీ ఇంట్లో ఉప్పు, నూనె, బియ్యం అన్నీ ఉన్నాయి గదా, అవి ఉంటే చాలు పెండ్లాం ఎందుకంటావా?" అంది డాక్టరమ్మ. వాడు మళ్లీ ఆ దిక్కు రాలేదు. ఆ తొట్టిలో ఒకే ఒక్క చేప. నారింజ రంగు ఒళ్లు, అడ్డంగా తెల్లటి పట్టీలు, పెళ్లి పట్టుబట్టలు కట్టినట్టు ఉండేది. పిల్లలు దానికి మాప్పిళ్ళ అని పేరు పెట్టారు. అంటే పెళ్లికొడుకు. సూది మందుకు భయపడి ఏడుస్తూ వచ్చిన పిల్లలు మాప్పిళ్ళను చూసి నోరు మూసేవాళ్లు.

ఆ రోజుల్లోనే కంబైనల్లూరు నుంచి మునెమ్మ వచ్చేది. ఆమె కూతురు చిన్నిపాప తిండి బాగానే తినేది, కాని పొట్ట తప్ప ఒంట్లో ఇంకేమీ పెరగలేదు. రక్తం లేక కళ్ల కింద తెలుపు, నిలబడితే తూలుడు. కడుపులో ఏలికపాములు ఉన్నట్టున్నాయి, ఒకసారి దొడ్డికి పోయింది అగ్గిపెట్టెలో తెస్తే పరీక్ష చేసి మందిస్తానని డాక్టరమ్మ అడిగింది. మునెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సీ సీ, ఆ గలీజు తెచ్చి డాక్టరమ్మ ముందర పెట్టేదా? నాకు సిగ్గులేదా?" అంది. మందు సంగతి ఎత్తితే ఇంకా భయం. పక్కింట్లో ఎవరో బిడ్డకు పురుగుల మందు పోస్తే పురుగు నోట్లోంచి వచ్చిందట. "కడుపులో పూచ్చిపురుగు నిద్రపోతా ఉండాది. దాన్ని కదిపితే నా బిడ్డ పానం మీదికి వస్తాది" అని వెళ్లిపోయేది. పాపను చూస్తే నాకు భయం వేసేది. ఇంకొన్నాళ్లు ఇలాగే పోతే ఆ పిల్ల దక్కదని డాక్టరమ్మ నాతో పైకే అంది.

సరిగ్గా అప్పుడే మాప్పిళ్ళకు జబ్బు చేసింది. తింటూనే చిక్కిపోయింది. పొట్ట లోపలికి పీక్కుపోయింది. తొట్టి మూలన చేరి, తెల్లటి దారం లాంటి పెంట వేలాడేసుకుని తిరిగేది. "దీనికీ కడుపులో ఏదో పట్టినట్టుంది" అంది డాక్టరమ్మ. వచ్చేపోయేవాళ్లు తలా ఒక వైద్యం చెప్పారు. ఒకాయన రాగి కాసు వేయమన్నాడు. ఒక అవ్వ ఎండు మిరపకాయలు తెచ్చి దిష్టి తీస్తానంది. "తీయవ్వా, బాగా తీయి. మిరపకాయ మాత్రం లోపల పడేయొద్దు" అంది డాక్టరమ్మ. మునెమ్మ ఊరుకుంటుందా? చేపనూ కూతురునూ మార్చి మార్చి చూసి, "ముందు ఈ మీనుకు నయం చేయమ్మా. అది బతికితే అప్పుడు నా బిడ్డకు మందు పొయ్యి" అంది. బెంచీల మీద ఉన్న తల్లులందరూ తలలూపారు. నాకు ఒళ్లు మండింది. బిడ్డ ప్రాణం తెచ్చి చేప తోకకు కట్టిందే అనిపించింది.

డాక్టరమ్మ మాత్రం కోప్పడలేదు. మాప్పిళ్ళను వేరే చిన్న గాజు తొట్టిలోకి మార్చింది, పాత తొట్టి నీళ్లతోనే. తర్వాత చుక్కల గొట్టం పట్టుకుని నేల మీద మోకాళ్లూని, ఆ తెల్ల దారం ఎప్పుడు రాలుతుందా అని కూర్చుంది. ముందు గది నిండా జనం, వాళ్లలో మునెమ్మ. అది రాలగానే "వచ్చింది, వచ్చింది!" అని అరిచి గొట్టంలోకి లాగి, మైక్రోస్కోపు దగ్గరికి పరుగెత్తింది. చాలాసేపు చూసింది. "ఏమన్నా కనిపించిందా?" అని అడిగాను. "బంక కనిపిస్తా ఉంది. పురుగు ఉందో లేదో నాకు తెలియలేదు" అంది. అయినా అనుమానం మీద మందు పెట్టాలని నిశ్చయించుకుంది. ఆగితే చేప మిగలదు.

పెద్దవాళ్ల రక్తవిరేచనాలకు ఇచ్చే మాత్రను నూరి, రవ్వంత తీసి, కావేరి రొయ్య ముద్దలో కలిపి వేశాం. మాప్పిళ్ళ నోట్లో పెట్టుకుని థూ అని ఉమ్మేసింది. మళ్లీ వేశాం, మళ్లీ ఉమ్మింది. డాక్టరమ్మ ఆ ముద్ద చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది, నా నోట్లో కూడా పెట్టింది. ఇద్దరం ఒకేసారి వాకిట్లోకి పరుగెత్తాం. "పాపం వాడు మర్యాదస్తుడు, ఉమ్మి ఊరుకున్నాడు. నేనైతే కరిచేదాన్ని" అంది నోరు పుక్కిలిస్తూ. పిల్లలకైతే బెల్లంలో పెట్టి ఇస్తాం. చేపకు బెల్లం పెడితే నీళ్లు పాడవుతాయి. కడల్‌పాసి కాచి చల్లార్చి అందులో మందు కలిపితే గడ్డకట్టి చేదు బయటికి రాదేమో అన్నాను నేను. ఎండాకాలం చలవకని పాలలో వేసి తినే సముద్రపు పాచి అది. "చూద్దాం" అని ఆవిడ దానికి రొయ్యా, రెండు చుక్కల వెల్లుల్లి రసమూ చేర్చింది. ఒక పూట చేపను పస్తుంచి ఆ ముక్క వేసింది. మాప్పిళ్ళ వాసన చూసింది, వెనక్కి పోయింది, ముందుకొచ్చింది, గుటుక్కున మింగింది. ముందు గది మొత్తం కేకలు పెట్టింది. దిష్టి తీసిన అవ్వ అది తన ఘనతే అంది.

రోజులు గడిచే కొద్దీ చేప పొట్ట నిండింది, తెల్ల దారం పోయింది. తిరిగి పెద్ద తొట్టిలోకి వదిలిన రోజున మునెమ్మ వచ్చింది. చేతిలో అరటాకులో చుట్టిన అగ్గిపెట్టె. సిగ్గుపడుతూ బల్ల మీద పెట్టి, "మీను గలీజు కోసరం అట్ల నేలమీద కూచుంటివే తల్లీ, నా బిడ్డది తెచ్చేదానికి నాకేం సిగ్గని తెచ్చినా" అంది. డాక్టరమ్మ దాన్ని పూలపొట్లం అందుకున్నట్టు అందుకుని లోపలికి పోయింది. ఆవిడ బయటికి రాగానే మునెమ్మ సూటిగా అడిగింది. "నిజం చెప్పమ్మా. మీను నీ మందుకే గదా బతికింది?"

నేను వెనకనుంచి డాక్టరమ్మ చీర చెంగు పట్టి లాగాను. ఔనను తల్లీ, ఒక్క మాట, ఔనంటే చాలు, ఆ పిల్లకు మందు పడుతుంది. ఆవిడ నా చెయ్యి విదిలించుకుంది.

"తెలియదు మునెమ్మా" అంది. "మందుకే బతికిందో, తావు మార్చినందుకు బతికిందో, తనంతట తానే బాగైందో నాకు తెలియదు. అనుమానం మీద ఇచ్చినాను."

అయిపోయింది, ఇక మునెమ్మ బిడ్డను తీసుకుని వెళ్లిపోతుంది అనుకున్నాను. ఏడుపొచ్చినంత పనైంది నాకు.

"నీ బిడ్డ సంగతి అట్ల కాదు. ఇప్పుడే కంటితో చూసినాను. నువ్వూ చూద్దువు రా" అని డాక్టరమ్మ ఆమెను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. మునెమ్మ ఒక కన్ను మూసి, రెండోది మూసి, చివరికి కుదుర్చుకుంది. గుండ్రంగా గోధుమ రంగు పురుగు గుడ్లు. తల ఎత్తి కళ్లు తుడుచుకుంది. "తెలియనిది తెలియదంటివి గదమ్మా. తెలిసిందంటే నమ్ముతా. మందు పొయ్యమ్మా" అని చిన్నిపాపను ఒళ్లోకి లాక్కుంది.

మందు నేనే పోశాను. కొన్నాళ్లకు ఆ పిల్ల క్లినిక్కు మెట్ల మీద పరుగెత్తుతుంటే పడతావని కేకలు వేసిందీ నేనే.

తర్వాత నేను సొంతంగా మందుల కొట్టు పెట్టుకున్నాను. "ఇది వేస్తే తగ్గుతాదా?" అని అడిగినవాళ్లకు ఖాయంగా తగ్గుతుందని చెప్తే బేరం అవుతుంది. నాకూ తెలుసు. నోటి దాకా వస్తుంది కూడా. అప్పుడు ఎవరో నా చెయ్యి విదిలించుకున్నట్టు అవుతుంది. తెలియదు, డాక్టరుకు చూపించుకోండి అంటాను. కొందరు విసుక్కుని ఎదురు కొట్టుకు పోతారు. మిగిలినవాళ్లు ఎంత దూరాన్నించైనా బిడ్డల్ని ఎత్తుకుని నా దగ్గరికే వస్తారు.