తొంభై ఏడు శాతం దగ్గర

వీధిలో అందరూ వైర్ల మావయ్య అని పిలిచే కంప్యూటర్ రిపేర్ల మనిషికి ఆ నెలంతా ఒళ్లు మండిపోతూనే ఉంది. తప్పు తనదే కావడంతో ఆ మంట ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

ఆయన భార్య ఒకప్పుడు రేడియోలో పిల్లలకు కథలు చదివేది. కూతురు పుట్టిన ఏడాదే గొంతుకు ఆపరేషనై మాట పోయింది. అంతకు ముందే ఆయన ఆమె చదివిన ఒక కథ రికార్డు చేసి, జనం తమ కంప్యూటర్ల నుంచి నేరుగా ఒకరికొకరు ఫైళ్లు పంచుకునే నెట్‌వర్కులో పెట్టాడు. తర్వాత కొత్త నెట్‌వర్కు వచ్చింది. అందరికంటే ముందు అందులోకి దూకిందీ, "ఆ పాత చెత్త తీసెయ్యండి" అని ఇంటింటి మిషన్లో కొత్త ప్రోగ్రాము ఎక్కించిందీ ఈయనే. డిస్కులో చోటు చాలక తన కాపీ కూడా చెరిపేశాడు. "నెట్‌వర్కులో ఉందిగా, ఎక్కడికి పోతుంది?" అన్నాడు. ఎక్కడికీ పోలేదు, పాత నెట్‌వర్కులోనే ఉండిపోయింది. కొత్త ప్రోగ్రాముకు దాని భాషే రాదు.

పదహారేళ్ల కూతురు ఇప్పుడడిగింది, "నాన్నా, అమ్మ గొంతు ఎలా ఉండేది?" అని.

రెండు నెట్‌వర్కులతోనూ మాట్లాడతానని డప్పు కొట్టుకునే ప్రోగ్రాము ఒకటి తెచ్చాడాయన. ఫైలు ఒకే ఒక్కడి దగ్గర కనిపించింది, ఎవరో ముక్కూ మొహం తెలియని మహానుభావుడు. అతగాడి పాత ప్రోగ్రాము ఈ కొత్తదాన్ని దొంగగా లెక్కగట్టి తరిమేసింది. ఆయన తిట్టుకుంటూ అటక మీది పాత మిషను దించి, ఆనాటి ప్రోగ్రామునే ఎక్కించాడు. అప్పటికి కరుణించింది. అతగాడు నెట్‌వర్కులో కనిపించే రోజుకో గంట చొప్పున ఫైలు తొంభై ఏడు శాతం దిగింది. ఆ తర్వాత మహానుభావుడు పత్తా లేడు.

పంతొమ్మిది రోజులు. ఆయన తెర ముందు నుంచి లేవలేదు, అన్నం కూడా అక్కడికే తెప్పించుకున్నాడు.

"వచ్చినంత వరకూ విందాం నాన్నా" అంది కూతురు.

"సగం దిగిన ఫైలు తెరిచే అలవాటు నాకు లేదు. పూర్తి కానీ."

"కాకపోతే?"

భార్య వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆయన్ని పక్కకు జరిపి, తనే మీట నొక్కింది.

గరగరల మధ్య నుంచి గొంతు వచ్చింది. రైలెక్కిన పిల్లికూన కథ. టికెట్ ఏదని అడిగారు. పిల్లికూన మీసాలు సవరించుకుని... అంతే, ఆగిపోయింది. దిగని ముక్క అదే.

"చచ్చింది! చెప్పానా!" అని బల్ల గుద్దాడాయన.

కూతురు తల్లి వైపు తిరిగింది. "ఏమందమ్మా?"

తల్లి పెదాలు కదిపింది. పుట్టినప్పటి నుంచీ ఆ పెదాలనే చదువుకున్న పిల్ల, చదివింది చదివినట్టు పైకి చెప్పింది.

"'నాకు సగం టికెట్ ఎందుకండీ, నేనింకా పావు పిల్లినే' అంది."

ఆయన చెయ్యి బల్ల మీదే ఆగిపోయింది. కూతురిది, ఇప్పుడే పెట్టెలో ఆగిన ఆ గొంతే. అదే ఒత్తు, అదే చిలిపితనం. రోజూ ఇంట్లో వింటూ, ఒక్కనాడూ పోల్చుకోలేదు. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

"మళ్లీ చెప్పమ్మా" అన్నాడు.